తాతయ్య చెప్పింది, బస్తా మీద రాసింది

పిల్లలతో తెలుగులో మాట్లాడమని అందరూ చెప్తారు. ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. తిన్నావా, హోంవర్క్ అయిందా, ఫోన్ పక్కన పెట్టి పడుకో. ఎదుగుతున్న పిల్లలతో ఈ మూడు మాటల మీద ఎన్నాళ్లని నెట్టుకొస్తాం? పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతూ నాకు బాగా అర్థమైంది ఒకటుంది. చేతికి పని ఉంటే నోటికి మాట దానంతట అదే వస్తుంది. ఆ పని నిజంగా అవసరమైనదై ఉండాలి, చేయకపోతే నష్టం కనిపించేదై ఉండాలి. మా ఇంట్లో అలాంటి పని పెచ్చులూడిన బయటి గోడ రూపంలో దొరికింది.

మా అమ్మాయి హైస్కూల్లోకి వచ్చింది, అబ్బాయి ఇంకా చిన్నవాడు. మా నాన్న ఎన్నో ఇళ్లు దగ్గరుండి కట్టించిన మనిషి. ఇటుక, సిమెంటు, తాపీ పని ఆయనకి కొట్టిన పిండి. గోడ ఫొటో పంపగానే వీడియో కాల్ చేశారు. ఆయన మొదటి మాట, "ఊడినచోట మట్టుకు చూడకండి. చుట్టూ తట్టి చూడండి."

తట్టడం పిల్లలకి అప్పగించాను. సుత్తి పిడితో మెల్లగా తడుతూ పోవాలి. గట్టిగా పట్టుకుని ఉన్నచోట శబ్దం చిన్నగా, బిగువుగా ఉంటుంది. లోపల పట్టు వదిలేసినచోట డొల్లగా మోగుతుంది. అమ్మాయి తడుతుంటే అబ్బాయి ఫోను గోడకి ఆనించి పట్టుకున్నాడు. అవతల మా నాన్న కళ్లు మూసుకుని వింటున్నారు. "ఇది బాగుంది... ఇదీ బాగుంది... ఆగు తల్లీ, ఇందాకటిది మళ్లీ కొట్టు. అది డొల్ల." డొల్ల అన్నచోటల్లా సుద్దతో గీత గీశారు. అరచేయంత ఊడిందనుకున్నది గీతలు కలిపి చూస్తే కిటికీ కింద నుంచి నేల దాకా పాకింది. కాసేపటికి తాతయ్య చెప్పకముందే మనవరాలు "డొల్ల" అనేస్తోంది. (ఇంటికి పలచని సిమెంటు పూత కింద నురగ పలకలు వేసే పద్ధతి కూడా ఉంది. అలాంటి గోడ ఎక్కడ తట్టినా డొల్లగానే మోగుతుంది. దాని మరమ్మతు వేరు, ఇక్కడ చెప్తున్నది దానికి పనికిరాదు.)

ఇక్కడిదాకా తాతయ్య అనుభవం సరిగ్గా సరిపోయింది. పెచ్చులు రాలగొట్టాక కథ మారింది. లోపల ఇటుక లేదు. చెక్క చట్రం, దాని మీద చెక్క పలక, దాని మీద నీళ్లు చొరకుండా కాగితం, ఆ పైన తీగ జాలీ, జాలీని పట్టుకుని మూడు పూతలు. అబ్బాయి విరిగిన అంచుకి స్కేలు పెట్టి కొలిచాడు. మొదటి పూత ఒక అంగుళంలో 3/8 వంతు, రెండోది మళ్లీ 3/8, పైపూత 1/8. కలిపితే 7/8 అంగుళం, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు. భిన్నాలంటే వాడికి టెన్షన్, కానీ ఆ రోజు ఎవరూ అడగకుండానే కలిపి చెప్పాడు.

మా నాన్న చాలాసేపు ఆ ఫొటో చూశారు. "చెక్క మీద సిమెంటా? నీళ్లు తగిలితే?" అన్నారు. అదే అసలు ప్రశ్న. ఇటుక గోడ తడిసి ఆరుతుంది. చెక్క గోడలోకి నీళ్లు పోయి ఆరకపోతే కుళ్లుతుంది. అందుకే నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేలకుండా మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) కలపకూడదు. ఊడినచోట పూత వేసేయడం సులువే, ఏడాది తిరిగేసరికి అదే చోట మళ్లీ ఊడుతుంది. గోడ అడుగున ఇనుప రేకు పట్టీ ఒకటి ఉంటుంది, లోపలికి పోయిన నీళ్లు బయటికి కారే దారి అది. మట్టికి కనీసం 4 అంగుళాలు, సిమెంటు నేలకైతే 2 అంగుళాలు ఎత్తులో అది తెరిచి ఉండాలి. మా గోడ దగ్గర మొక్కల మట్టి పేరుకుని పట్టీని కప్పేసింది. మొక్కలకి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ తిరిగినప్పుడల్లా ఒక పాయ గోడకి తగులుతోందని కనిపెట్టింది మా అబ్బాయి. గోడ మీద తెల్లటి ఉప్పు పొర ఎక్కడి దాకా ఉందో, నీళ్లు పడేది సరిగ్గా అక్కడి దాకానే. మట్టి తీసేసి, స్ప్రింక్లర్ మూతి తిప్పాకే మిగతా పని మొదలైంది.

కొట్టే పని పెద్దవాళ్లదే. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులకి చేటు, కాబట్టి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. పాత ఇల్లయితే రంగులో సీసం, పూతలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వద్దు. కొట్టేటప్పుడు జాలీ, కాగితం తెగకుండా మెల్లగా పోవాలి. గట్టి పూత తగిలేదాకా కొట్టి ఆపాలి. లోపలి చెక్కని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగిపోతే అక్కడితో పని ఆపి వడ్రంగం తెలిసినవాళ్లని పిలవాల్సిందే, అది ఇంట్లోవాళ్లు సరిచేసే సంగతి కాదు. మాది గట్టిగానే ఉంది.

కాగితం చిరిగినచోట కొత్త ముక్క పై కాగితం కిందికి దూరాలి, కింది కాగితం మీదికి రావాలి. పెంకు మీద పెంకు కప్పినట్టు నీరు ఎప్పుడూ బయటికే జారాలి. కొత్త జాలీ పాతదాని మీదికి అంగుళమైనా ఎక్కాలి. పిల్లలకి ఈ సూత్రం ఒకసారి చెప్తే చాలు. తర్వాత కిటికీ చుట్టూ ఏది దేని కింద ఉండాలో అమ్మాయే చెప్పింది.

మాలు దగ్గర కొచ్చేసరికి ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అమ్మాయి సిమెంటు బస్తా మీద రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివింది. మొదటి పూత వేశాక సన్నగా నీళ్లు చల్లుతూ రెండు రోజులు తడిగా ఉంచాలని దాని మీద ఉంది. మా నాన్న ఏమో, "రెండు రోజులేంటి! వారం రోజులు పూటపూటా తడపాలి. పైపు పెట్టి గోడంతా తడవాలి" అన్నారు. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఏం చెప్తానా అని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

మనలాంటి వాళ్ల ఇళ్లలో ఇది రోజూ ఏదో ఒక రూపంలో జరిగేదే. అటు పెద్దవాళ్లు, ఇటు పిల్లలు, మధ్యలో మనం దుబాసీలం. పిల్లలకి "పెద్దవాళ్లు చెప్తే వినాలి" అంటాం, పెద్దవాళ్లకి "ఇక్కడ పద్ధతి వేరు నాన్నా" అంటాం. ఇద్దరినీ సర్దుతాం. దాంతో ఇద్దరి మధ్యా మాట తెగిపోతుంది. తాతయ్య మాటంటే మొక్కుబడిగా తల ఊపాల్సినదని పిల్లలు అనుకుంటారు. మనవలకి తన మాటలతో పని లేదని ఆయన అనుకుంటారు. అందుకే "మీరిద్దరే తేల్చుకోండి" అని నేను లోపలికి వెళ్లాను. కిటికీ తెరిచే ఉంది.

అమ్మాయి తెలుగు తడబడింది. కానీ ఆగలేదు. "తాతయ్యా, ఎందుకు తడపాలి?" అని అడిగింది. ఎన్ని రోజులని అడగకుండా ఎందుకని అడిగినందుకు నాకు చాలా సంతోషం వేసింది. ఆయన చెప్పారు: సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఆ కలయిక పూర్తయ్యేదాకా నీళ్లు ఉండాలి. ముందే ఆరిపోతే గోడ బీటలిస్తుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఇటుక కూడా నీళ్లు పీల్చేస్తుంది కాబట్టి ఎక్కువ తడపాలి.

"ఇక్కడ ఇటుక లేదు తాతయ్యా. వెనక కాగితం, చెక్క. పైపుతో కొడితే పక్కల నుంచి లోపలికి పోతాయి. స్ప్రే చేస్తే చాలదా?"

కాసేపు అటు నుంచి మాట లేదు. "చాలుతుంది తల్లీ. కానీ ఎండ పడనీయకు. ఏదైనా పట్టా కప్పు. గాలి కూడా తడిని లాగేస్తుంది."

ఎండ, గాలి గురించి బస్తా మీద పెద్దగా లేదు. ఆ గోడకి మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. పట్టా కట్టారు. వారం సంగతి కూడా వృథా పోలేదు. రెండో పూత అయ్యాక పైపూతకి ముందు కనీసం ఏడు రోజులు ఆగాలని ఇక్కడి ఇళ్ల నిర్మాణ నిబంధనల్లోనే ఉంది. అది చదివి వినిపించినప్పుడు మా నాన్న గొంతులో ధీమా నాకు ఇంకా గుర్తుంది.

ఈ మధ్యలో అబ్బాయి అడిగాడు, సిమెంటు ఎవరు కనిపెట్టారని. అక్క వెతికి చెప్పింది, ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ తీసుకున్నాడని. తాతయ్య ఊరుకుంటారా? దానికి వేల ఏళ్ల ముందు నుంచీ సున్నం ఉందనీ, సున్నం, ఇసుక కలిపి గానుగలో రుబ్బేవాళ్లనీ, ఆ గోడలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయనీ చెప్పారు. వాడు గానుగంటే ఏంటని అడిగాడు. ఆ కాల్ చాలా పొద్దుపోయేదాకా నడిచింది.

ఇక పని విషయానికొస్తే, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్లు శుభ్రమైన ఇసుక మామూలు లెక్క. కలిపి అమ్మే బస్తా అయితే నీళ్లు పోస్తే చాలు. తాపీ మీద తీస్తే జారకుండా నిలబడేంత చిక్కగా ఉండాలి. గంటన్నరలో వాడేయగలిగినంతే కలపండి. గట్టిపడిన మాలుని నీళ్లు పోసి బతికించకూడదని తాతయ్యా, బస్తా ఒకే మాట చెప్పారు. పాత అంచుల్ని ముందుగా తడపాలి, లేకపోతే అవి కొత్త మాలులోని నీళ్లు లాగేస్తాయి. మొదటి పూతని జాలీ వెనక్కి దిగేలా గట్టిగా నొక్కి, కాస్త బిగిశాక అడ్డంగా గీతలు గీయాలి, రెండో పూతకి అవే పట్టు. చలి 4 డిగ్రీల సెల్సియస్ కంటే దిగేలా ఉంటే ఆ రోజు పని పెట్టుకోవద్దు.

పిల్లల చేతికి తాపీ ఇచ్చేముందు గ్లవ్స్ ఇవ్వండి, పొడుగు చేతుల చొక్కా వేయండి. తడి సిమెంటు క్షారగుణం పీహెచ్ 12 పైనే ఉంటుంది. వెంటనే మంట అనిపించదు కాబట్టే ప్రమాదం, తెలిసేలోపు చర్మం కాలుతుంది. పడితే ఎక్కువ నీళ్లతో కడగాలి.

పైపూత గరుకుదనం పాత గోడతో కలవడం అన్నిటికంటే కష్టం. ముందు ఒక పాత ప్లైవుడ్ ముక్క మీద సాధన చేయండి. స్పాంజితో తిప్పడం, బ్రష్‌తో చిలకరించి తాపీతో అణచడం, రెండూ చేసి పాత గోడ పక్కన పెట్టి చూసుకోవాలి. మా ఇంట్లో ఇందులో చేయి తిరిగింది అబ్బాయికి. వాడు చిలకరించిన చోటు ఇప్పుడు నేను వెతికినా దొరకదు. రంగు మాత్రం కలవదు, ఎందుకంటే పాత గోడ ఎండకి వెలిసిపోయి ఉంటుంది. అతుకు వరకే రంగు వేస్తే ఎత్తిచూపినట్టుంటుంది కాబట్టి మూల నుంచి మూల దాకా గోడంతా వేయడం మంచిది. కొత్త సిమెంటులో క్షారం తగ్గడానికి 28 రోజులు ఆగాలి, లేదా అందుకోసమే చేసిన ప్రైమర్ ముందు వేయాలి.

వెంట్రుక వాసి నెర్రెలకి ఇదంతా అక్కర్లేదు, సాగే గుణమున్న రంగు గానీ సీలెంటు గానీ సరిపోతుంది. 3 మిల్లీమీటర్లు దాటిన పగులైతే లోపల వెడల్పు, పైన సన్నం ఉండేలా చెక్కి పూడ్చాలి. పగులుకి ఒక పక్క ముందుకు పొడుచుకొచ్చినా, రోజురోజుకీ వెడల్పవుతున్నా అది పునాది సంగతి కావచ్చు. ఇంజనీరుని పిలవాలి.

మా గోడకే రెండో వైపు కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక సన్న పగులు ఉంది. దాని రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి పక్కన తేదీ వేయమని మా నాన్న అమ్మాయికి చెప్పారు. వారానికోసారి ఫొటో తీసి తనే ఆయనకి పంపుతోంది. గీత దాటితే ఇంజనీరుకి ఫోన్ చేస్తాం, దాటకపోతే వానలు పడేలోపు సీలెంట్ పట్టించి రంగు వేసేస్తాం.