బొగ్గుబాయి బిడ్డ ఇంటికి

అమెరికాలో కొలంబస్ నుంచి రూట్ 23 పట్టుకుని కిందికి దిగితే, పోర్ట్స్‌మౌత్ దగ్గర ఒహాయో నది దాటగానే కెంటకీ వస్తుంది. అక్కడి నుంచి ఆ రోడ్డు పేరు కంట్రీ మ్యూజిక్ హైవే. పేరు ఊరికే పెట్టలేదు. డ్వైట్ యోకమ్, రికీ స్కాగ్స్, క్రిస్ స్టేపుల్టన్ లాంటి కంట్రీ గాయకులంతా ఈ రోడ్డు చుట్టుపక్కల వాళ్లే. నేను మాత్రం కంట్రీ గాయని లోరెట్టా లిన్ పెరిగిన ఇల్లు చూద్దామని బయల్దేరాను. కార్లో ఆమె ఆల్బమ్ 'కోల్ మైనర్స్ డాటర్', అంటే బొగ్గుబాయి కార్మికుడి కూతురు, 1971 నాటిది.

నిజం చెప్పాలంటే, ఆల్బమ్ పేరు చూసి అన్నీ బొగ్గు పాటలే అనుకుంటే నిరాశే. 'హలో డార్లిన్', 'స్నోబర్డ్' లాంటివి అప్పటికే వేరేవాళ్లు హిట్ చేసినవి. ఆల్బమ్ పేరున్న మొదటి పాట ఒక్కటే ఆ ఇంటిది. ఆమె రాసుకున్న చరణాలు ఇంకా ఉన్నాయట, పాట మరీ పొడుగైందని నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ కొన్ని తీయించేశాడు. ఆ పోయిన చరణాలు వినాలని నాకు మహా ఆశ.

పెయింట్స్‌విల్ దాటి వాన్ లియర్ చేరాక రోడ్డు సన్నబడి, రెండు కొండల మధ్య ఇరుకు లోయలోకి దూరుతుంది. అదే బుచర్ హాలో. ముందు వెబ్స్ గ్రోసరీ అనే పాత కొట్టు తగులుతుంది. ఒకప్పుడు బొగ్గు కంపెనీ నడిపిన దుకాణం. ఇల్లు చూడ్డానికి టికెట్టు అక్కడే.

చెక్క ఇల్లు, ముందు వసారా, వసారాలో ఉయ్యాల బల్ల. ఎనిమిది మంది పిల్లలు పెరిగింది ఇందులోనే అంటే ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. చలిగాలి రాకుండా తల్లి క్లారా గోడలకి పత్రికల కాగితాలు అంటించేది. వాటిలో ఉన్న సినిమా నటి లోరెట్టా యంగ్ బొమ్మ చూసే కూతురికి ఆ పేరు పెట్టింది. బొగ్గుబాయిలో పనిచేసిన తండ్రి టెడ్ వెబ్ 1959లో పోయాడు. కూతురి మొదటి రికార్డు వచ్చింది ఆ మరుసటి ఏడాది. తన మీద కూతురు కట్టిన పాట సంగతి ఆయనకి తెలియనే తెలియదు.

ఇల్లు చూపిస్తున్న పెద్దాయన "మీది ఏ ఊరు?" అన్నాడు. ఇల్లెందు గురించి చెప్పి, మా తాత సింగరేణిలో కోల్ ఫిల్లర్, బొగ్గు ఎత్తి నింపే పని, అన్నాను. వెంటనే, "సీమ్ ఎంత ఎత్తు?" అని అడిగాడు. సీమ్ అంటే బొగ్గు పొర. నాకేం తెలుసు! వసారాలోంచే ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. నాన్న సీమ్ సంగతి వదిలేసి, "ఆ లోరెట్టా వాళ్ల నాన్నది ఏ షిఫ్టు?" అన్నాడు.

"రాత్రంతా బాయిలో, పగలంతా మొక్కజొన్న చేలో. పాటలో అలాగే ఉంది."

"మరి పడుకునేదెప్పుడు?"

పెద్దాయనకి ఇంగ్లీషులో చెప్తే పగలబడి నవ్వాడు.