లోపలి ప్రోబ్‌కు పన్నెండు నిమిషాలు

గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ మెషిన్ల సర్వీసు పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లను, అంటే ఒంటికి ఆనించి స్కాన్ చేసే చేతి పరికరాలను, శుద్ధి చేసే పరికరాల మార్కెట్ ఏటేటా పెరుగుతోందని చెప్పే నివేదికలను మా డీలర్ అప్పుడప్పుడు వాట్సాప్‌లో పంపుతుంటారు. వాటిలోని కోట్ల అంకెలు చదివినప్పుడల్లా, ఆ పెరుగుదల మా వీధిలో ఏ గదిలో, ఏ బల్ల మీద కనిపిస్తోందా అని ఆలోచిస్తాను.

పొట్ట మీద జెల్ రాసి ఆనించే ప్రోబ్‌తో పెద్ద చిక్కు లేదు. గాయం లేని చర్మాన్నే తాకుతుంది కనుక, జెల్ పూర్తిగా తీసి, కంపెనీ ఒప్పుకున్న వైప్‌తో తుడిస్తే సరిపోతుంది. చిక్కంతా మా దగ్గర అందరూ లోపలి స్కాన్ అనే, యోనిలో పెట్టి చూసే టీవీఎస్ ప్రోబ్‌తోనే. శ్లేష్మపొరను తాకే పరికరాలకు హై లెవెల్ డిసిన్ఫెక్షన్, అంటే మొండి స్పోర్లు కొన్ని మిగిలినా తక్కిన సూక్ష్మజీవులన్నీ చచ్చేంత శుద్ధి, తప్పనిసరి అని అమెరికా శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ చేసిన వర్గీకరణ ప్రపంచమంతటా అమల్లో ఉంది. ఆ మాట ఎత్తగానే నాకు ఎదురయ్యే జవాబు ఒక్కటే: “కండోమ్ తొడుగుతూనే ఉన్నాం కదండీ.” అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2008 మార్గదర్శకాలు ఉదహరించిన పరీక్షల్లో, వాడిన కండోమ్‌లలో 0.9 నుంచి 2 శాతం దాకా చిల్లులు కనబడగా, ప్రత్యేకంగా ప్రోబ్‌ల కోసమే తయారైన తొడుగుల్లో ఇద్దరు సరఫరాదారులవి 75, 81 శాతం చిల్లులు పడ్డాయి. చవకైన కండోమే నయమని తేలడం విచిత్రమే అయినా, రోజుకు ఇరవై మందికి లోపలి స్కాన్ చేసే చోట రెండు శాతమంటే రెండు మూడు రోజులకొక చిల్లు. గుండెను చూడటానికి గొంతులోంచి పంపే ప్రోబ్‌ను సరిగా శుద్ధి చేయకపోవడంతో ముడిపడి ఉండవచ్చని భావించిన హెపటైటిస్ బి మరణం తర్వాత, బ్రిటన్‌లో వైద్య పరికరాల నియంత్రణ సంస్థ 2012లో ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక పంపింది. ఈ మార్కెట్‌కు ఊపు వచ్చింది ఇలాంటి భయాల నుంచే.

మా వీధిలో ఎక్కువగా వాడేది ఓపీఏ (ఆర్థో థాలాల్డిహైడ్) అనే క్రిమిసంహారక ద్రావణం. ప్రోబ్‌ను కడిగి, ఆరబెట్టి, దాని మీదున్న గుర్తు దాకా 12 నిమిషాలు ముంచి, తీశాక మూడుసార్లు మంచినీటితో కడిగి మళ్లీ ఆరబెట్టేసరికి ఇరవై నిమిషాలు దాటుతుంది. బయట బెంచీ మీద పరగడుపున వచ్చిన గర్భిణులు, వాళ్ల అత్తగార్లు టోకెన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు, ఒకే ప్రోబ్ ఉన్న సెంటర్ ఆ ఇరవై నిమిషాలు ఆగుతుందని నేను అనుకోను. ఆస్ట్రేలియా కంపెనీ నానోసోనిక్స్ తెచ్చిన ట్రోఫాన్ పెట్టె, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొగమంచుతో ఏడు నిమిషాల్లో, ద్రావణంలో మునగని పిడితో సహా ప్రోబ్‌ను శుద్ధి చేస్తుంది. పెట్టె అమ్మిన తర్వాత ప్రతి స్కాన్‌కూ ద్రవం, శుద్ధి జరిగిందో లేదో చూపే సూచికలు కొంటూనే ఉండాలి కాబట్టి అసలు ఆదాయం అక్కడే.

అమ్మేవాళ్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను ఓపీఏ చంపలేదన్న 2014 పరిశోధనను తప్పకుండా చూపిస్తారు. ఓపీఏ కూడా పనిచేస్తుందని తేల్చిన 2021 పరిశోధన వాళ్ల ఫైల్లో నాకు ఎప్పుడూ కనబడలేదు. పెట్టె మంచిదే, దాని తరఫున చెప్పే భయం మాత్రం సగమే.

దీనికన్నా పెద్ద నష్టం స్పిరిట్ దూదితో జరుగుతోంది. పోయిన వేసవిలో ఒక సెంటర్ వాళ్లు చిత్రంలో నల్లచారలు వస్తున్నాయని పిలిచారు. ప్రోబ్ కొన మీది మెత్తని రబ్బరు పొర, వేసవిలో ఎండిన చెరువు అడుగులా సన్నగా బీటలు వారి ఉంది. రెండేళ్లుగా ప్రతి పేషెంటు తర్వాతా స్పిరిట్‌తో తుడుస్తున్నామని సిస్టర్ గర్వంగానే చెప్పారు. ఏ రసాయనం వాడవచ్చో ప్రోబ్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుందని, ఆ పుస్తకం సీల్ కూడా విప్పలేదని నేను చూపించాను. కొత్త ప్రోబ్ ధర విన్నాక డాక్టర్ గారు కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత ఆయన పెట్టె కొనలేదు. రెండు ప్రోబ్‌లు, మూత ఉన్న రెండు ట్రేలు కొన్నారు. ఒకటి వాడుకలో ఉండగా ఇంకొకటి నానుతుంది. నాలాంటి ఊళ్లో మార్కెట్ ముందు ఇలాగే పెరుగుతుందని నా అంచనా. గత నెల సర్వీసుకు వెళ్లినప్పుడు ట్రే మూత మీద ప్లాస్టర్ ముక్క అంటించి, ద్రావణం పోసిన తేదీ బాల్‌పెన్నుతో రాసి ఉంది. పద్నాలుగు రోజుల గడువుకు ఇంకా అయిదు రోజులుంది. సిస్టర్ ద్రావణంలో ఇంకా బలం ఉందో లేదో చూపే స్ట్రిప్ ముంచి తీసి, తొంభై సెకన్లు గడియారం చూశారు. ఊదా రంగులోకి పూర్తిగా మారాల్సిన ముక్కలో ఒక మూల నీలం మిగిలింది.

“ఇంకా తేదీ ఉంది కదమ్మా,” అన్నాను, ఏమంటారో చూద్దామని.

“తేదీకేం తెలుసు సార్, దీనికి తెలుసు,” అని స్ట్రిప్ చూపించి, ట్రే పారబోసి, కొత్త క్యాన్ కోసం స్టోరుకు చీటీ రాశారు.