ఆరు నెలలకో డిపార్ట్‌మెంట్, 180 రోజుల లెక్క

"ఏరా, మళ్ళీ ఉద్యోగం మారావా? వాళ్ళే తీసేశారా?" అని అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి అడిగింది. పక్కన పిన్ని ఉందట. లండన్ ఆఫీసులో ఫైనాన్స్ చూసేవాణ్ణి ఉత్తర ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రో దగ్గర ఫ్యాక్టరీకి వచ్చానని తెలిసేసరికి తెనాలిలో అందరికీ కంగారే. కంపెనీ అదే, జీతం అదే, ఆరు నెలలకోసారి డిపార్ట్‌మెంట్ మారుస్తారు, రెండేళ్లు తిప్పాక ఎక్కడో ఒకచోట కుదురుకోనిస్తారు అని ఎంత చెప్పినా, "ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నావన్నమాట" అని నాన్న తేల్చేశారు.

బ్రిటన్‌లో దీన్ని గ్రాడ్యుయేట్ స్కీమ్ అంటారు. మనవాళ్లలో చాలామందికి ఇది అందకపోవడానికి మార్కులు కారణం కాదు, కేలండర్. మాస్టర్స్ కోసం సెప్టెంబరులో దిగుతాం. పెద్ద కంపెనీలు వచ్చే ఏడాది బ్యాచ్‌కి అప్లికేషన్లు తీసుకునేదీ దాదాపు అప్పుడే. ఒకపక్క గది దొరకదు, ఇంకోపక్క పార్ట్‌టైమ్ వేట. "ముందు కోర్సు అవనీ, తర్వాత చూద్దాం" అనుకుంటాం. కోర్సు అయ్యేసరికి ఆ సీట్లు నిండిపోయి ఉంటాయి. మాస్టర్స్ తర్వాత ఇక్కడే ఉండి పనిచేసుకోవడానికి ఇచ్చే రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలే. అందుకే జూనియర్లకు విమానం ఎక్కకముందే సీవీ సిద్ధం చేసుకోమని చెబుతుంటాను. విదేశీయులకు ఉద్యోగ వీసా ఇప్పించే అనుమతి, అంటే స్పాన్సర్ లైసెన్స్, ఉన్న కంపెనీల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఈ స్కీమ్‌కి వీసా ఇప్పిస్తారని కాదు, ఆ ముక్క హెచ్‌ఆర్‌ని విడిగా అడగాలి.

చేరాక వచ్చే చిక్కు వేరు. ఆరు నెలల్లో వెళ్లిపోయేవాడికి ఎవరూ గట్టి పని అప్పజెప్పరు. లండన్‌లో నా కాలమంతా స్లయిడ్లకే సరిపోయింది. ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ అయితే మొహమాటం లేకుండా, "నువ్వుండేది క్రిస్మస్ దాకా. నీకు పని నేర్పేసరికి నాకూ క్రిస్మస్ అవుతుంది" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఈలోపు మొదలుపెట్టి ముగించగలిగే పనేదైనా ఇమ్మన్నాను. స్టోర్స్‌కి తీసుకెళ్లాడు. ఒకే పంపు సీల్ మూడు కోడ్‌ల మీద మూడు అరల్లో ఉంది. ఒక అరలో దుమ్ము పట్టి పేరుకుపోయింది. ఇంకో కోడ్ కింద స్టాక్ లేదని దాన్నే అర్జెంటుగా తెప్పిస్తున్నారు. కాలిపర్‌తో కొలవడం, డ్రాయింగ్ తీసి పోల్చుకోవడం, అనుమానం వస్తే ఫిట్టర్ల వెంటపడటం, ఆ తర్వాతే రెండు కోడ్‌లు కొట్టేయడం. ఇలాంటివి అక్కడ చాలా ఉన్నాయి. మొదట్లో వాళ్ల యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. చికెన్‌కి బ్రెడ్ పొడి అద్ది వేయించి పైన తెల్ల సాసూ చీజూ వేసే పార్మో అక్కడివాళ్లకు ప్రాణం. నా కారప్పొడి సీసా చూశాక దాని మీద అదీ చల్లించుకోవడం మొదలుపెట్టారు.

పైవాళ్ల కళ్లలో పడతామని మా బ్యాచ్ అంతా హెడ్డాఫీసు కోసం పోటీ పడింది. నెదర్లాండ్స్‌లో ఉన్న మా రాటర్‌డామ్ ప్లాంట్ వాళ్లు మాత్రం తర్వాతి ఆరు నెలలకు నన్ను ఈ స్టోర్స్ పని చూసే అడిగారు.

రాటర్‌డామ్ అనగానే ఇంట్లో సంబరం, నాకు టెన్షన్. దేశం లోపల తిరిగినంతకాలం వీసాతో పేచీ లేదు. గ్రాడ్యుయేట్ శిక్షణలో భాగంగా ఒకే కంపెనీలో పని మారితే మళ్లీ అప్లై చేయక్కర్లేదు, ఊరు మారిన సంగతి వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోమ్ ఆఫీస్‌కి కంపెనీ తెలిపితే చాలు. బయటికెళితేనే లెక్క మొదలవుతుంది. కంపెనీ స్పాన్సర్ చేసే నాలాంటి వాళ్ల స్కిల్డ్ వర్కర్ వీసా మీద శాశ్వత నివాసం రావాలంటే ఐదేళ్లుండాలి, ఆ ఐదేళ్లలో ఏ 12 నెలలు చూసినా 180 రోజులకు మించి దేశం బయట గడపకూడదు. ఆఫీసే పంపించినా మామూలుగా మినహాయింపు లేదు. ఆరు నెలలంటే 181 నుంచి 184 రోజులు! బయల్దేరిన రోజూ తిరిగొచ్చిన రోజూ లెక్కలోకి రావు కానీ, ఇండియాలో గడిపిన సెలవులు వస్తాయి. ఆ ఐదేళ్లనూ పదేళ్లు చేయాలని 2025 మే శ్వేతపత్రంలో ప్రభుత్వం ప్రతిపాదించింది, అది వేరే దిగులు.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రెగ్జిట్ పుణ్యమా అని నెదర్లాండ్స్ వర్క్ పర్మిట్‌కి నాతోపాటు మా బ్యాచ్ ఇంగ్లిష్ కుర్రాడూ కాగితాలు పెట్టుకున్నాడు. తిరిగొచ్చాక అతని రోజులు లెక్కపెట్టేవాళ్లెవరూ లేరు. అందుకే కాబోలు, ఈ చిక్కు ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎక్సెల్ షీట్ పట్టుకెళ్లి, ఐదు నెలలు అక్కడుంటాను, చివరి నెల పని ఇక్కణ్ణుంచి చేస్తాను అన్నాను. మేనేజర్ షీట్ రెండుసార్లు చూసి ఒప్పుకున్నారు. మిగిలిన రోజులు పెద్దనాన్న కూతురి పెళ్లికి అట్టేపెట్టుకుని, ఆ ఏడు సంక్రాంతికి వెళ్లడం మానేశాను.