పెట్టెలోకి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి?

మళ్లీ తడిసింది! వాగు పక్కన రాళ్ల సందులో దాచిన మా లెటర్‌బాక్స్ (క్లూలు పట్టుకుని వెతికి, లోపలి లాగ్‌బుక్‌లో తమ ముద్ర వేసి వెళ్లే ఆట కోసం దాచే పెట్టె) ఎలా ఉందో చూద్దామని వానలు తగ్గాక వెళ్లాం. మూత తీస్తే అడుగున అర సెంటీమీటరు నీళ్లు, లాగ్‌బుక్ ఉబ్బి రెండింతలైంది, వచ్చినవాళ్లు వేసిన ముద్రల్లో సగం నీలం మరకలు. జిప్ కవర్లు రెండు వేశాం, సిలికాజెల్ పెట్టాం, మూతకు నాలుగు వైపులా లాక్‌లున్నాయి, అయినా ఇదీ పరిస్థితి. తన గుడ్లగూబ ముద్ర ఉన్న పేజీ పాడైందని పాప దారంతా నాతో మాట్లాడలేదు.

అందుకే ఈసారి పెట్టెను ఇంటికి తెచ్చేశాను. కొలతలు లోపల 11×8×5 సెంటీమీటర్లు, అంటే దాదాపు 440 మిల్లీలీటర్ల గాలి.

మొదటి అనుమానం కామో టేప్ మీద, అంటే పెట్టె కనబడకుండా చుట్టిన ఆకుల రంగు టేప్ మీద. మూత అంచు దాటి 4 మిల్లీమీటర్లు కిందికి వచ్చింది కాబట్టి వాననీటిని పీల్చి రబ్బరు వాషర్ పక్కనే పట్టి ఉంచుతోందేమో అనుకున్నాను. అంచు దగ్గర టేప్ మొత్తం పీకేసి, లోపల టిష్యూ పెట్టి, మీద రాయి ఉంచి బకెట్ నీళ్లలో రాత్రంతా ముంచితే పొద్దున టిష్యూ పొడిగానే ఉంది. సంబరపడిపోయి టేప్ మళ్లీ అంటించి ముంచితే అప్పుడూ పొడిగానే ఉంది! అంటే దోషి టేప్ కాదు.

తర్వాత కాగితం పరీక్ష. సన్నటి కాగితం ముక్కను మూత కింద పెట్టి, లాక్ వేసి లాగాలి. మూడు వైపులా బిగువుగా ఆగింది, ఒక్క మూల దగ్గర మాత్రం కొంచెం కష్టపడి జారి వచ్చేసింది. ఆ మూల వాషర్‌కు సిలికాన్ గ్రీజు పూశాను. (వాజ్‌లైన్ వద్దు, కొన్ని రకాల రబ్బరును అది ఉబ్బిస్తుంది.) కాగితం ఆగింది. ఇక అయిపోయిందనుకున్నాను.

అసలు విషయం బయటపడింది ఎండలో. పెట్టెను ఎండలో వదిలేసి, ముట్టుకుంటే చుర్రుమనేంత వేడెక్కాక చల్లటి బకెట్‌లో వేశాను. గంట తర్వాత తీస్తే రెండు టీస్పూన్ల నీళ్లు! లోపలి గాలి 45 డిగ్రీల నుంచి 25కి చల్లబడితే ఒత్తిడి 6 శాతం దాకా పడిపోతుంది. లెక్కేస్తే 60 సెంటీమీటర్లకు పైగా నీటి లోతులో ముంచినంత ఒత్తిడి వాషర్ మీద పడుతుంది. ఎండకు కాగిన రాళ్ల మీద సాయంత్రం వాన పడి, పెట్టె చుట్టూ నీళ్లు నిలిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. పెట్టె చల్లబడుతూ నీళ్లను లోపలికి లాగేసుకుంటుంది. ఈసారి ఆ మూలకే కాకుండా వాషర్ చుట్టూ గ్రీజు పూసి అదే పరీక్ష మళ్లీ చేస్తే ఒక టీస్పూన్ కంటే తక్కువే వచ్చింది కానీ పూర్తిగా ఆగలేదు. సిలికాజెల్ తన బరువులో మూడో వంతు తేమ పట్టుకుంటే గొప్ప, అంత చిన్న ప్యాకెట్ ఈ నీళ్లను ఏం పీలుస్తుంది?

1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో క్రాన్మియర్ పూల్ దగ్గర జేమ్స్ పెరోట్ సీసా పెట్టి ఈ ఆట మొదలుపెట్టాడు. ఆ సీసాకి ఈ గొడవ ఉండేదో లేదో! గాజు పెట్టాలని నాకూ ఆశే కానీ పిల్లలు తిరిగే చోట పగిలితే ఎవరు బాధ్యులు?

కొత్త స్టాంప్ మాత్రం బాగా వచ్చింది. స్పీడ్‌బాల్ కంపెనీ గులాబీ రంగు రబ్బరు బ్లాక్ చెక్కేటప్పుడు అంచులు విరగవు, నాకదే నచ్చుతుంది. ఇంక్ విషయంలో ఇక పిగ్మెంట్ ప్యాడే. ఆరడానికి టైం పడుతుంది, పేజీల మధ్య పల్చటి కాగితం పెట్టాలి, అయినా తడిస్తే డై ఇంక్‌లా కారిపోదు. కానీ వచ్చేవాళ్లు తమ ప్యాడ్ తెచ్చుకుంటారు కదా, వాళ్లకేం చెప్పగలం.

వచ్చేసారి లోపల ఖాళీ తగ్గించాలి, గాలి సగమైతే లాక్కునే నీళ్లూ సగమే. పెట్టె కింద రెండు చదునైన రాళ్లు పెట్టి నేల నుంచి 3 సెంటీమీటర్లు ఎత్తాలి, నీళ్లు నిలవకూడదు. పాత రెయిన్‌కోట్‌లో గాలి ఆడే పొర ముక్కను చిన్న రంధ్రం మీద అంటిస్తే ఒత్తిడి సర్దుకుంటుందేమో కూడా చూడాలి. బయట బిగించే కరెంటు పరికరాల డబ్బాలకు అలాంటివే పెడతారు. దీనికి వేరే పెట్టె బలిచ్చి పరీక్షించాకే అసలుదానికి రంధ్రం వేస్తాను.

క్లూ కూడా తిరగరాయాలి. "45 అడుగులు" అని నా నడకను బట్టి రాస్తే మావాడికి 60 దాటుతున్నాయి, పిల్లలతో వచ్చేవాళ్లు రాయి దాకా రాకుండానే వెతకడం మొదలుపెడుతున్నారు. అడుగుల బదులు దిక్సూచి కోణం, దానితోపాటు ఒక గుర్తు చాలు. పాపకు హిచ్‌హైకర్ స్టాంప్ (వచ్చినవాళ్లు ఒక పెట్టె నుంచి తీసి ఇంకో పెట్టెలో పెట్టే స్టాంప్) చెక్కాలని ఉంది. ముందు బకెట్ పరీక్షలో పెట్టె పాసవ్వాలి, అప్పటిదాకా అందులో ఏదీ పెట్టనివ్వనని తనే తేల్చేసింది.