కోబ్రాకి నంబర్ వచ్చింది, ఆ బంతి మీద కోపం మాత్రం పోలేదు

నేను సొంతంగా కట్టుకున్న కోబ్రా కారుకి నిన్ననే రిజిస్ట్రేషన్ నంబర్ కేటాయించిన ఉత్తరం వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఇంకో నెల ఆగితే అంతా సాఫీగానే జరిగిందని నేనే నలుగురికీ చెప్పుకు తిరుగుతాను.

తెలియనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మన గ్యారేజీలో మనమే కారు కట్టుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే రోడ్డెక్కే ముందు ఐవీఏ అనే పరీక్ష పాసవ్వాలి. ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారయ్యే మోడల్‌కి ఒకేసారి అనుమతి ఇస్తారు, మనలాంటి ఒంటరి బండిని మాత్రం విడిగా నిలబెట్టి పరీక్షిస్తారు. 2009కి ముందు దీని స్థానంలో ఎస్‌వీఏ అని ఇంకో పరీక్ష ఉండేది. అది కాస్త తేలిక అని పాతకాపులు ఇప్పటికీ నిట్టూరుస్తుంటారు.

నేను కట్టింది ఏసీ కోబ్రా రెప్లికా. "నకిలీ బండికి ఇంత హడావుడా" అని మా బంధువుల్లో ఒకాయన అన్నాడు. ఆయన కోసం చరిత్ర కాస్త చెప్పాలి. ఇంగ్లండ్‌లోని థేమ్స్ డిట్టన్‌లో ఉన్న ఏసీ కార్స్ వాళ్ళ ఏస్ అనే చిన్న స్పోర్ట్స్ కారులో, అమెరికాకి చెందిన క్యారల్ షెల్బీ 1962లో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ దించాడు. కోబ్రా అలా పుట్టింది. అసలైనవి తయారైంది ప్రపంచం మొత్తం మీద సుమారు వెయ్యి. వాటిలో మొట్టమొదటిది 2016లో వేలానికి వస్తే కోటీ 37 లక్షల డాలర్లు దాటి పలికింది. అంటే నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి కోబ్రా నడపాలని ఉంటే రెప్లికా ఒక్కటే దారి. పైగా ఆ అసలు బండి మాత్రం ఏం చేసింది? ఒకరి ఒంట్లో ఇంకొకరి గుండె పెట్టుకుంది! కోబ్రాని మళ్ళీ కట్టడంలో తప్పేముంది?

కట్టడం గురించి ఎక్కువ చెప్పను, అదంతా సరదాగానే సాగింది. ఛాసీ, ఫైబర్ బాడీ కిట్ కంపెనీ నుంచి, అంటే ఇలా ఇంట్లో కట్టుకునేవాళ్ళకి భాగాలు అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయి. యాక్సిల్స్, స్టీరింగ్ ఒక పాత జాగ్వార్‌వి. ఇంజిన్ తుక్కుకి పోయిన రేంజ్ రోవర్ నుంచి తీసిన 3.9 లీటర్ రోవర్ వీ8. దాని మూలం అమెరికన్ బ్యూయిక్ డిజైనే, 1960లలో రోవర్ వాళ్ళు జనరల్ మోటార్స్ దగ్గర హక్కులు కొనుక్కున్నారు. అల్యూమినియంది కాబట్టి తేలిక, పాట కూడా బాగా పాడుతుంది. వైరింగ్ మొత్తం నా చేత్తో నేనే చేశాను. నాకు తెలిసిన కిట్ కారు వాళ్ళలో ఆ పని ఎలక్ట్రీషియన్‌కి అప్పగించనిది నేనొక్కణ్ణే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య పెరిగాను మరి.

దరఖాస్తు నింపడం, 450 పౌండ్లు కట్టడం, తేదీ రావడం పెద్ద కష్టం కాలేదు. బుక్ చేసిన టెస్ట్‌కి నంబర్ లేకుండానే బండి నడుపుకుంటూ వెళ్ళొచ్చు, ఇన్సూరెన్స్ ఉంటే చాలు. నేను మాత్రం ట్రెయిలర్ మీదే తీసుకెళ్ళాను. కొవెంట్రీలో ఉండే మా డాక్టర్ మిత్రుడి బండికి ట్రెయిలర్ తగిలించే ఏర్పాటు ఉంది. ఆయన్ని పిలవకుండా ఉంటే ఎంత బాగుండేదో కిందకి వెళ్ళాక మీకే తెలుస్తుంది.

ఇక టెస్ట్‌లో ఏం జరిగిందంటే, బ్రేకులు: పాస్. వెనక చక్రాలకంటే ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి, అలాగే అయ్యాయి. పొగ: పాస్. స్పీడోమీటర్ అసలు వేగంకంటే తక్కువ చూపించకూడదు, నాది కాస్త ఎక్కువే చూపిస్తుంది, పాస్. శబ్దం భయపెట్టింది. సైడ్ పైపులకి అర మీటరు దూరంలో మైకు పెట్టి ఇంజిన్‌ని గట్టిగా తిప్పితే 99 డెసిబెల్స్ దాటకూడదు. ముందురోజే పైపుల్లో శబ్దం తగ్గించే బ్యాఫిల్స్ దించాను, గట్టెక్కింది. చాలామందిని ఏడిపించేది స్టీరింగ్. మలుపు తిప్పి చేతులు వదిలేస్తే చక్రం దానంతట అదే మధ్యకి రావాలి. ముందు టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టి, చక్రాల ముందువైపు రవ్వంత బయటికి ఉండేలా అమర్చుకుని వెళ్ళండి. అది కూడా మొదటిసారే పాస్.

ఇక బంతి దగ్గరికొద్దాం.

ఎవరైనా పాదచారికి బండి తగిలినా, లోపలివాళ్ళ తల డాష్‌బోర్డుకి కొట్టుకున్నా కోసుకుపోయే అంచులు ఉండకూడదు. అది ఈ పరీక్షలో ఒక అధ్యాయం. సూత్రంతో నాకు పేచీ లేదు. చూసే పద్ధతి ఏమిటంటే, బయట 100 మిల్లీమీటర్ల బంతి, లోపల 165 మిల్లీమీటర్ల బంతి పట్టుకుని తిప్పుతారు. పెద్ద బంతి మన తలకాయ అన్నమాట. బంతికి ఎక్కడ అంచు తగిలితే అక్కడ ఆ అంచు కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలి. లేదా మెత్తటి రబ్బరు అయి ఉండాలి.

ఇప్పుడు కోబ్రాని ఒకసారి కళ్ళముందుకి తెచ్చుకోండి. డాష్‌బోర్డు మీద వరసగా క్రోమ్ టోగుల్ స్విచ్‌లు, ఒక్కోటీ వేలంత పొడుచుకొచ్చి ఉంటాయి. బానెట్ మీద గాలి కోసం స్కూప్, దాని నోరు పలచటి అంచు. బానెట్ తెరవడానికి టీ ఆకారపు పిడులు. ముందూ వెనకా జాకీ కోసం పెట్టిన క్రోమ్ కడ్డీలు. చక్రాల మధ్య రెక్కల నట్లు. అరవైల నాటి రేసు బండి అంటే ఇవే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది బాత్‌టబ్. అంటే బండి అసలు కోబ్రాకి ఎంత దగ్గరగా ఉంటే పరీక్షలో అంత దూరం నెట్టేస్తారు!

రెక్కల నట్లు ఇంట్లోనే తీసేసి వెళ్ళాను, అవి పాసవ్వవని అందరికీ తెలిసిందే. మిగతావాటి గురించి కిట్ కంపెనీ బ్రోషర్‌లో "టెస్ట్‌కి సిద్ధం" అని పెద్దక్షరాలతో రాసి ఉంది.

పరీక్ష చేసే ఆయన మర్యాదస్తుడే. "అందమైన బండి" అన్నాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, కొత్తగా చేరిన కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "ఒకే బండిలో ఇన్ని రకాల తప్పులు దొరకడం అరుదు, చూసి నేర్చుకో" అని బంతి వాడి చేతికిచ్చాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ కుర్రాడు స్కూప్ దగ్గర మొదలుపెట్టాడు. బంతిని నెమ్మదిగా దొర్లిస్తాడు, ఆగుతాడు, అంచు మీద వంపు కొలిచే రేడియస్ గేజ్ పెడతాడు, ఆయన వైపు చూస్తాడు. ఆయన తల ఊపగానే పసుపు మైనం పెన్సిల్‌తో సున్నా చుడతాడు. నా గార్డ్స్‌మన్ బ్లూ పెయింట్ మీద! నెలల తరబడి రుద్దిన పెయింట్ మీద! స్కూప్‌కి సున్నా, విండ్‌స్క్రీన్ ఫ్రేము పట్టీలకి సున్నాలు, టీ పిడులకి, అద్దం కాడకి, వెనక లైటు పట్టీకి సున్నాలు. లోపల పెద్ద బంతి టోగుల్ స్విచ్‌లని టకటకా తాకుకుంటూ పోతుంటే, ఒక్కో చప్పుడుకీ నా ప్రాణం ఉసూరుమంది. పక్క వరసలో తన వ్యాన్ కోసం ఎదురుచూస్తున్న ఒకాయన టీ తాగుతూ వచ్చి నిలబడి, "ఆ మూల కూడా చూడు బాబూ" అని సలహా ఇచ్చాడు. ఎవడడిగాడు ఆయన్ని?

మా డాక్టర్ గారు ఊరుకుంటారా? ఫోటోలు తీసి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ట్రెయిలర్ ఎక్కించకముందే "ఎన్ని బొట్లు పెట్టారు మావా పెళ్ళికూతురికి?" అని మెసేజ్‌లు మొదలయ్యాయి. ఫెయిల్ కాగితం చేతిలో పెట్టుకుని ఇంటిదాకా నేను నోరు మెదపలేదు.

కిట్ కంపెనీకి ఫోన్ చేస్తే "మా కస్టమర్లు చాలామంది రబ్బరు అంచు అతికిస్తారండీ" అని చల్లగా చెప్పారు. విండ్‌స్క్రీన్ పట్టీలు పంపింది వాళ్ళే, బ్లేడులా ఉన్నది ఆ పట్టీలే. బ్రోషర్‌లో రాసింది ఏ టెస్ట్ గురించో అడిగితే లైన్ కట్. ఏ కిట్ కంపెనీ అయినా సరే, "పరీక్షకి సిద్ధం" అన్నమాట నమ్మకండి. ఐవీఏ పరీక్ష మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. మీరే బంతి కొనుక్కుని, మీ బండి మీద మీరే దొర్లించుకోండి.

నాకు కడుపు మండే అసలు సంగతి ఇది. మా పేటలో ఒకడు టయోటా ఎంఆర్2కి ఫెరారీ ఆకారపు ఫైబర్ తొడుగు తొడిగి, గుర్రం బొమ్మ అంటించి తిరుగుతున్నాడు. వాడికి ఈ బంతి లేదు! ఇక్కడ చాలాకాలం నడిచిన లెక్క ప్రకారం మార్చిన బండి పాత రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలంటే 8 పాయింట్లు ఉంటే చాలేది. మార్చని ఛాసీకి 5, సస్పెన్షన్‌కి 2, యాక్సిల్స్‌కి 2, గేర్‌బాక్స్‌కి 2, స్టీరింగ్‌కి 2, ఇంజిన్‌కి 1. బాడీ తొడుగుకి సున్నా. అంటే పై వేషం ఎంత మార్చినా వాడి పాయింట్లు వాడికే. ఊరంతా ఫెరారీ అనుకోవాలని కట్టినవాడు దర్జాగా తిరుగుతాడు. ప్రతి బోల్టూ తన చేత్తో బిగించి, ఇది రెప్లికా అని నోరారా చెప్పుకునేవాడు నిలబడి బొట్లు పెట్టించుకుంటాడు. నా మటుకు నాకు రెప్లికాకి ఒకటే నీతి: బ్యాడ్జి అబద్ధం చెప్పకూడదు. నా కోబ్రా మీద కిట్ కంపెనీ పేరే ఉంది, ఎంత కోపం ఉన్నా. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి ఎగ్జాస్ట్‌లో కావాలని టపాసులు పేల్చే ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కార్ల కుర్రాళ్ళ గురించి మాట్లాడటం కూడా దండగ. ఇంజిన్‌కి బలం పెంచడం ట్యూనింగ్, వీధిని నిద్రలేపడం ట్యూనింగ్ ఎలా అవుతుంది?

టోగుల్ స్విచ్‌లు పీకేసి చదునైన బటన్లతో ఇంకో డాష్ ప్యానెల్ చేశాను. అన్ని అంచులకీ రబ్బరు, కనిపించే ప్రతి నట్టుకీ ప్లాస్టిక్ టోపీ. మా ఆవిడ చూసి "పసిపిల్లలున్న ఇంట్లో బల్లమూలలకి పెట్టినట్టు పెట్టారే" అంది. రీటెస్ట్ ఫీజు 90 పౌండ్లు, ఫెయిలైనవి మాత్రమే చూస్తారు. ఈసారి బంతి ఆయన చేతిలోనే ఉంది, కుర్రాడు లేడు, చకచకా అయిపోయింది. ఆ రబ్బరు ఇప్పుడు ఎక్కడుందని మాత్రం అడగొద్దు.

సర్టిఫికెట్, రసీదులు, కట్టేటప్పటి ఫోటోలు, ఫారాలు పంపాక క్యూ ప్లేటు, అంటే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబర్ వచ్చింది. పాత భాగాలు రకరకాల బండ్లవి కాబట్టి వయసు తేల్చలేమన్నారు. క్యూ అంటే కొందరికి చిన్నచూపు. నాకేం పట్టింపు లేదు. ఇన్సూరెన్స్ మాత్రం కిట్ కార్లు చూసే ప్రత్యేక బ్రోకర్ దగ్గరే అడగండి, మామూలు వెబ్‌సైట్లలో కోబ్రా అని టైప్ చేస్తే వాటికి మతిపోతుంది.

బావమరిది నిన్న ఫోన్ చేసి "బావా, మనం ఇక్కడ విజయవాడలో కూడా ఒకటి కడదామా?" అన్నాడు. వద్దురా బాబూ. అక్కడ ఇలా ఇంట్లో కట్టిన బండిని విడిగా నిలబెట్టి పాస్ చేసే దారి సులువుగా లేదు. ఉన్న బండిని మార్చినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడినా పడొచ్చు. చేయగల చేతులు ఆటోనగర్‌లో ఎన్ని ఉన్నాయో తలుచుకుంటేనే బాధేస్తుంది.

నట్టు టోపీలు సంచినిండా మిగిలాయి, 10 నుంచి 19 సైజుల దాకా. రబ్బరు అంచు కూడా ఒక చుట్ట ఉంది. మిడ్‌లాండ్స్ చుట్టుపక్కల టెస్ట్‌కి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వచ్చి పట్టుకెళ్ళొచ్చు. బంతి కూడా ఇస్తాను, అది మాత్రం తిరిగి తెచ్చివ్వక్కర్లేదు.