పిన్ని వీపులో ఎనిమిదో పూస

పిన్ని మూడు నెలలు గ్యాస్ మాత్రలు మింగింది. "కడుపు చుట్టూ తాడేసి బిగించినట్టుంటందే" అని కాశీనగరం నుంచి ఫోన్ చేస్తే, వాము నీళ్లు తాగమన్నాను. పర్లాకిమిడిలో ఫిజియోథెరపీ చేస్తూ రోజూ వీపులు పట్టి చూసేదాన్ని, ఆ మాట దగ్గర ఆగలేకపోయాను. ఇప్పటికీ బాధే.

దసరాకి వచ్చింది. ఆటో దిగి నాలుగడుగులు వేసేసరికి ఎడమకాలి చెప్పు వెనకే ఉండిపోయింది. జారినట్టు ఆవిడకి తెలియనే లేదు. "చెప్పేదీ పిన్నీ?" అంటే కాలు చూసుకుని కంగారుపడింది.

లోపల కూర్చోబెట్టి వీపు మీద వేళ్లు పెట్టాను. చేతులు కిందికి వదిలి కూర్చుంటే భుజం రెక్క ఎముక కింది కొన దాదాపు ఛాతీ వెనక ఏడో వెన్నుపూస ముల్లుకి, అంటే వెనక చేతికి తగిలే ఎముక కొనకి, ఎదురుగా ఉంటుంది. అక్కడి నుంచి ఒకటి దిగాను. ఎనిమిదో ముల్లు చింతగింజంత పైకి పొడుచుకొచ్చింది. మెల్లగా నొక్కితే "అమ్మా" అంది. ఛాతీ పూసల ముళ్లు పొడుగ్గా, కిందికి వాలి ఉంటాయి. అందుకే నా వేలు ఎనిమిదో ముల్లు కొన మీదున్నా, దాని ముందున్నది తొమ్మిదో పూస.

మోకాలి కింద తడితే కాలు మామూలు కంటే గట్టిగా ఎగిరిపడింది. వెన్నుపాము నలుగుతోందని అప్పుడు భయం పట్టుకుంది. సాయంత్రాలు జ్వరం, జాకెట్లు వదులవడం అడిగితేనే చెప్పింది.

బరంపురంలో ఎంఆర్ఐ తీయించాం. ఎనిమిది, తొమ్మిది పూసలు రెండూ ముందువైపు కరిగాయి, మధ్యలో చీము. సూదితో తీసిన ముక్కలో క్షయ తేలింది. ఒకే రక్తనాళం పై పూస కింది సగానికీ, కింది పూస పై సగానికీ కొమ్మలిస్తుంది. అందుకే ఈ జబ్బు తరచూ పక్కపక్క పూసల జంటనే పట్టుకుంటుంది. ముందు భాగం కుంగితే వెనక ముల్లు లేస్తుంది.

ఆ తాడు బిగింపు కూడా అక్కడిదే. ఛాతీ పూసలు పన్నెండు. వాటి మధ్య నుంచి బయటికొచ్చే నరాలు పక్కటెముకల వెంట ముందుకి తిరుగుతాయి. ఎనిమిది, తొమ్మిది నరాలు పైకడుపుదాకా వస్తాయి. అవి వెన్ను దగ్గర నలిగినా నొప్పి పైకడుపులోనే తెలుస్తుంది, గ్యాసే అనిపిస్తుంది.

నడుము నొప్పి చాలామందికి బరువులెత్తి వస్తుంది, తగ్గుతుంది. ఛాతీ పూసలు అలా కాదు. పక్కటెముకలు పట్టి ఉంచడం వల్ల అవి పెద్దగా వంగవు, నడుమంత తరచుగా నొప్పెట్టవు. వెన్నుపాము పోయే దారి కూడా అక్కడ బాగా ఇరుకు, కొంచెం చీము చేరినా కాళ్లకి ముప్పే. రాత్రి పడుకున్నా తగ్గని వీపు నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, తూలడం ఉంటే మసాజ్‌కి వెళ్లకండి. వీపు విరిపించుకోవడం అసలే వద్దు. నా దగ్గరికొచ్చినా ముందు స్కాన్‌కే పంపిస్తాను.

పిన్ని ఏడాది దాటి మాత్రలు వేసుకుంది. మొదట్లో మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయింది, మందు వల్లేనని నచ్చజెప్పాను. బెల్టు కట్టుకునే లేచేది. వీపు మీద ఆ గుబ్బ అలాగే ఉంది, ఇక పోదు. కాళ్లకి బలం వచ్చింది. మొన్న వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిస్తే, పట్టీ పెట్టుకోకుండానే బజారుకి వెళ్లొచ్చింది. రెండు చెప్పులూ కాళ్లకే ఉన్నాయి.