ఆర్‌ఈసీకి పిల్లల్ని దింపడానికి వచ్చేవాళ్లకు

ఆగస్టు దగ్గరపడితే చాలు, కాస్త ఎండ మొహం కనబడగానే మా పై వాటాలోని పరుపులు డాబా మీదికి ఎక్కుతాయి. మా ఆయన ఎల్‌ఐసీలో ముప్ఫై ఏళ్లు ఊళ్లు తిరిగారు. కాకినాడ నుంచి కడప దాకా తెలిసినవాళ్లే. వాళ్లలో ఎవరో ఒకరి పిల్లకో పిల్లాడికో ఏటా ఇక్కడ వరంగల్ నిట్‌లో, అంటే మా నోట ఆర్‌ఈసీలో, సీటు వస్తుంది. "రెండు రోజులేనండీ, చేర్పించి వెళ్లిపోతాం" అని ఫోన్ వస్తుంది.

చేర్పించడం ఒక్క పూట పని. సర్టిఫికెట్లు, రసీదులు, హాస్టల్ గది, బకెట్టు, మగ్గు, తాళం కప్ప. అది కాగానే తల్లి కళ్లు తుడుచుకుంటూ, తండ్రి ఫోన్లో రైలు ఎక్కడుందో చూసుకుంటూ మా హాల్లో కూర్చుంటారు. బండేమో రాత్రికి. "ఇక్కడ చూడ్డానికి ఏమన్నా ఉందాండీ?" అని అప్పుడు అడుగుతారు. మా ఆయన వెంటనే "వెయ్యి స్తంభాల గుడి" అంటారు, మిట్ట మధ్యాహ్నం ఆటో మాట్లాడి పంపిస్తారు. వాళ్లు రాళ్ల మీద కాళ్లు కాల్చుకుని ముప్పావు గంటలో తిరిగొచ్చి "బావుందండీ" అంటారు. ఆ బావుందండీ ఎలాంటిదో నాకు తెలుసు.

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. మా తల్లిగారిల్లు ఖిలా వరంగల్‌లో, రాతికోట లోపల. మా ఊరిని ముప్పావు గంటలో ముగించేస్తుంటే ఊరుకోలేక ఇది రాస్తున్నా.

ముందు దిగే సంగతి. ఇది ఒక ఊరు కాదు, కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిసిపోయిన మూడు ఊళ్లు. నిట్ ఉన్నది కాజీపేట నుంచి హనుమకొండకు వచ్చే రోడ్డు మీద. మీ రైలు కాజీపేటలో ఆగేదైతే అక్కడే దిగండి. పోయినేడు ఒకాయన ఆరు సామాన్లతో వరంగల్ స్టేషన్లో దిగి, ఆటోకు 600 ఇచ్చుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తే ఇంకా సులువు, బస్సు కాలేజీ గేటు ముందు నుంచే వస్తుంది. ఆటోవాళ్లను మాత్రం ఆర్‌ఈసీ అనే అడగండి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు అది రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. 2002లో బోర్డు మారింది గానీ మా నోళ్లు మారలేదు.

ఇక వెయ్యి స్తంభాల గుడి. వెళ్లండి, కానీ పొద్దున ఆరింటికి వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే ఆ గంటలో చూస్తే తెలుస్తుంది ఆ నల్లరాతి స్తంభాలను ఎంత నున్నగా తీర్చారో. చీర కొంగు సర్దుకుంటే రాతిలో నీడ కదులుతుంది. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడు. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. అందుకే త్రికూటాలయం అంటారు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని విప్పి, రాళ్లకు నంబర్లు వేసి ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. మా అమ్మ బతికున్నన్నాళ్లూ "ఇది నా కళ్లతో చూస్తానా" అనేది. 2024లో తెరిచారు. ఆమె చూడలేదు. స్తంభాలు నిజంగా వెయ్యి ఉన్నాయా అని అందరూ అడుగుతారు. లెక్కపెట్టడం మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను, పూర్తి చేసినవాళ్లను ఒక్కరినీ చూడలేదు.

సాయంత్రం కోటకు. ఇక్కడ నా పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

కోట అనగానే గోల్కొండలా ఎక్కడో గుట్ట మీద ఉంటుందనుకుంటారు. ఇది అలా కాదు. బయట మట్టికోట, లోపల రాతికోట, ఆ లోపల ఇళ్లు, కిరాణా కొట్లు, బడి, పొలాలు. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన గోడల మధ్య నుంచే ఇప్పటికీ బళ్లు నడుస్తాయి. రాతి దర్వాజా దగ్గర దారి తిన్నగా ఉండదు, మెలిక తిరుగుతుంది. శత్రువు ఏనుగులతో ఒక్క ఉదుటున దూసుకురాకుండా అలా కట్టారట. ఇప్పుడు ఆ మెలిక దగ్గర ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనం ఆగాలి. మా నాన్న సైకిల్ బెల్లు కొడుతూ ఆ మలుపు తిరగడం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నడి మధ్యలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. దాదాపు 30 అడుగుల ఎత్తు, పైన రెండు చివర్లా హంసలు. తెలంగాణ చిహ్నంలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఈ తోరణమే. వాటి మధ్య ఉన్న స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సైన్యం కోటను పట్టుకున్నాక నేలమట్టమైంది. ఆ శిల్పాలే చుట్టూ పరుచుకుని ఉంటాయి. నంది తల, విరిగిన స్తంభం, తామర పూల రాతిపలక. ఇక్కడ ఫొటోలు తొందరగా తీసేసుకుని ఒక రాయి మీద కూర్చోండి. రామచిలుకలు గుంపులుగా ఆ రాళ్ల సందుల్లోకి గూటికి చేరుతూ గోల చేస్తాయి. దగ్గరలోనే ఖుష్ మహల్ ఉంది, ఏటవాలు గోడల పొడుగాటి హాలు, తుగ్లక్‌ల కాలపు కట్టడం. పైకి ఎక్కనిస్తే ఎక్కండి. ఓపిక ఉంటే ఏకశిల గుట్ట మెట్లు కూడా. ఒకే బండరాయి, ఓరుగల్లు అన్న పేరు దాని నుంచే వచ్చిందని చెబుతారు.

ఈ కోటకు మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. హాస్టల్లో చేరిన మర్నాడు అయినా సరే, వార్డెన్‌ను అడిగి తీసుకెళ్లండి. కారణం ఉంది. మచిలీపట్నం వైపు అబ్బాయి ఒకడు నాలుగేళ్లూ ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. బంగారం లాంటి పిల్లాడు. చదువైపోయి బెంగళూరు వెళ్లాడు. మూడేళ్ల తర్వాత స్నేహితుడి పెళ్లికని భార్యతో వచ్చి, "ఆంటీ, కోటకు దారెటు?" అని అడిగాడు. పదిహేను కిలోమీటర్లు ఉండదు! "ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకున్నా ఆంటీ, ఆ ఎప్పుడైనా రాలేదు" అన్నాడు. మొదటి వారంలో దారి తెలిస్తే వాళ్లే స్నేహితుల్ని తీసుకెళ్తారు. తెలియకపోతే గేటు ముందున్న టీ దుకాణమే వాళ్లకు వరంగల్.

భద్రకాళి గుడికి పొద్దునైనా సాయంత్రమైనా వెళ్లొచ్చు. చెరువు గట్టు మీద నడక బావుంటుంది. కోహినూరు వజ్రం ఈ అమ్మవారి కంటిదేనని ఎవరో ఒకరు మీకు చెప్తారు. వినండి, వాదించకండి. కాస్త ముందుగా, ఆషాఢంలో వస్తే శాకంబరి ఉత్సవాలు దొరుకుతాయి. చివరి రోజు అమ్మవారిని కూరగాయలతో అలంకరిస్తారు. బెండకాయలు, సొరకాయలు, కాకరకాయలు, ఆకుకూరల దండలు. ఆ అలంకారానికి కూరగాయలు తరిగే పుణ్యం నాకూ ఒకసారి దొరికింది, చేతులు రెండు రోజులు కాకర చేదు.

తిండి దగ్గరికి వద్దాం. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు నేను పెట్టే మొదటి పరీక్ష పచ్చిపులుసు. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర పిసికి, పొయ్యి ఎక్కించకుండా పెడతాం. ఒకావిడ గిన్నె ముట్టుకుని చూసి "చారు కాచడం మరిచిపోయారేమో" అని నెమ్మదిగా మా ఆయన చెవిలో చెప్పింది. రెండో రోజు ఆవిడే గిన్నె దగ్గరికి లాక్కుంది.

రెండోది సర్వపిండి. మా ఇంట్లో సర్వప్ప అంటాం, గిన్నప్ప అనేవాళ్లూ ఉన్నారు. "మా వైపు తప్పాలచెక్క అంటామండీ" అంటే సరే, అదీ ఇదీ చుట్టాలే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి, లోతు గిన్నె లోపలి అంచుకు చేత్తో అద్ది, వేలితో రంధ్రాలు పెట్టి నూనె వేసి మూత పెట్టాలి. తిరగేయకూడదు. కింద కరకర, పైన మెత్తన. హోటళ్లలో దొరికేది గట్టిగా అప్పడంలా ఉంటుంది, నాకు నచ్చదు. ఇళ్లల్లో చేసి అమ్మే ఆడవాళ్ల దగ్గర కొనండి. వీధుల్లో అలాంటి చిన్న దుకాణాలు చాలానే ఉన్నాయి. అక్కడే సకినాలు కూడా తూకానికి ఇస్తారు. సకినాలు సంక్రాంతి వంటకమే గానీ ఇప్పుడు ఏడాదంతా దొరుకుతున్నాయి. పిల్లల హాస్టల్ డబ్బాలోకి ఇంతకంటే మంచిది లేదు, పదిహేను రోజులైనా చెక్కుచెదరవు. చెక్కుచెదరనిది రూమ్మేట్లు రానంతవరకే.

ఆగస్టు, సెప్టెంబరు మక్కల కాలం, అంటే మీ మొక్కజొన్న. రోడ్డు పక్కన కంకులు కాలుస్తుంటారు. వాన పడే రోజున మక్క గారెలు, నాటుకోడి కూర దొరికితే మీ రైలు సంగతి మర్చిపోవచ్చు.

ఎండు మిరపకాయలు కొనాలనుకుంటే చపాటా మిర్చి అడగండి. గుండ్రంగా, ఉబ్బుగా ఉంటుంది కాబట్టి టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, ఆవకాయకు ప్రాణం. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏనుమాముల మార్కెట్ చూడాలన్న సరదా ఉంటే మిర్చి సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి వేసవి దాకా వెళ్లాలి. కనుచూపు మేర ఎర్రటి బస్తాలు. రుమాలు మర్చిపోవద్దు, గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. ఇంటికి ఏదైనా పట్టుకెళ్లాలంటే కొత్తవాడలో నేసే వరంగల్ దరీలు, అంటే జంపఖానాలు ఉన్నాయి. మడిచి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు, ఇరవై ఏళ్లు ఉతికినా రంగు పోదు, మా ఇంట్లో ఉన్నది సాక్షి.

ఇంకో రోజు మిగిలితే రామప్ప గుడి. డెబ్బై కిలోమీటర్ల లోపు దూరం, కారు మాట్లాడుకోవడం మేలు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. పేరు మాత్రం చెక్కిన శిల్పిది నిలిచింది. 2021లో యునెస్కో జాబితాలో చేరాక జనం పెరిగారు. గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికట. ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు ఆ ముక్క బాగా ఎక్కుతుంది. మా ఇంటికొచ్చిన ఆడవాళ్లంతా మాత్రం గుడి చుట్టూ నిలువెత్తు నల్లరాతి మదనిక శిల్పాల్లో ఒకామె కాలికున్న ఎత్తు మడమ చెప్పుల దగ్గరే ఆగిపోతారు. లక్నవరం చెరువు కూడా కలుపుకుందాం అంటారు మగవాళ్లు. వేలాడే వంతెన బావుంటుంది గానీ ఆదివారం వద్దు.

పండుగల్లో ఏది చూడాలంటే నేను బతుకమ్మే అంటాను. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. వెయ్యి స్తంభాల గుడి ఆవరణ, బయట రోడ్డు, సందులు అన్నీ తంగేడు, గునుగు, బంతి పూలే. పూల గోపురం చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ తిరిగే వందల వలయాలు. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట కింద నిలబడటానికి చోటు దొరకదు. మలీద ముద్దలు, సత్తుపిండి ఎవరైనా చేతిలో పెడితే వద్దనకండి. చిక్కేంటంటే, అదే సమయానికి దసరా సెలవులని పిల్లలు ఊళ్లకు పరిగెత్తుతారు. వాళ్లను రప్పించుకునే బదులు మీరే ఇటు వస్తే సరిపోతుంది కదా.

కాలేజీ పండుగలు వేరే. టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ. ఆ మూడు రోజులూ మా వీధి దాకా డ్రమ్ముల మోత వినిపిస్తుంది. తల్లిదండ్రులకు అందులో పనేం లేదు, వెళ్తే పిల్లలు దాక్కుంటారు.

మేడారం జాతర రెండేళ్లకోసారి, సరి సంఖ్య ఏళ్లలో, మాఘ పున్నమి సమయంలో నాలుగు రోజులు. సమ్మక్క, సారలమ్మలకు బెల్లం మొక్కు, దాన్ని బంగారం అంటాం. నిలువెత్తు బంగారం అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. ఆ నాలుగు రోజుల్లో పిల్లల్ని చూడ్డానికని ఇటు రావద్దు. బస్సులన్నీ అటే, లాడ్జీలన్నీ ఫుల్లు. జాతరకే వస్తానంటే రండి, కానీ మనసారా దానికోసమే రండి.

ఇంకో మాట. పై వాటా ఈ ఏడాది ఖాళీ లేదు. ఆగస్టు మొదటి వారానికి ఏలూరు వాళ్లు, రెండో వారానికి నంద్యాల వాళ్లు ఇప్పటికే చెప్పి ఉంచారు. నంద్యాల ఆవిడ పచ్చిపులుసు గురించి ముందే అడిగింది.